మా బుల్లి ట్రాక్టరూ, ఆయిలు దొంగా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మేవాళ్లు కాదు. మేం చెడ్డవాళ్లమై కాదు, వ్యవసాయం అలాంటిది. పత్తి విత్తనాల ప్యాకెట్టు కొంటే నాన్న దాని మీద అచ్చుని గోటితో గీకి చూసేవాడు. పురుగుమందు అయిపోయిన ఖాళీ సీసాని నానమ్మ కొడవలితో రెండు ముక్కలు చేసేది, లేకపోతే ఎవరో ఏరుకుపోయి, అందులో ఇంకేదో నింపి, మళ్లీ మాకే అమ్ముతారని. మిరపకాయని తుంచి, వాసన చూసి, తొడిమ దగ్గర తేమ నొక్కి చూశాక గానీ అవతలి మనిషితో మాట మొదలుపెట్టని ఇంట్లో పుట్టాను నేను. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరికే పోదు కదా. దానికి తోడు అప్పుడే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్నాను. అసలే కోతి, పైగా కల్లు తాగింది అంటారే, అదీ నా పరిస్థితి.

మాది చిలకలూరిపేట దాటాక పర్చూరు వైపు, అంతా నల్లరేగడి. పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక తోలడానికి సరిపోయే బుల్లి ట్రాక్టరొకటి కొన్నాడు నాన్న. దాని మంచిచెడ్డలు చూసేది రోడ్డు మీద షెడ్డున్న స్పానర్ల బాబాయి. (నడిస్తే జేబులో స్పానర్లు గలగలమంటాయని నేను చిన్నప్పుడే పెట్టిన పేరు.) చీమకుర్తి గ్రానైటు లారీల కింద పడుకుని పని నేర్చుకున్న మనిషి. రంజాన్‌కి వాళ్లింటి నుంచి సేమియా, ఉగాదికి మా ఇంటి నుంచి బూరెలు, నాన్నకీ ఆయనకీ రోజూ సాయంత్రం షెడ్డు ముందు టీ. ముప్పై ఏళ్ల స్నేహం. అయినా సరే, మీటరులో రెండొందల యాభై గంటలు తిరిగినప్పుడల్లా ఆయన వచ్చి ఇంజను ఆయిలు మార్చి, కాలిన పాత ఆయిలుని డబ్బాలో పోసుకుని పట్టుకెళ్తుంటే నానమ్మ మంచం మీద నుంచి ఒక కన్ను తెరిచి చూసేది. "మనకి పనికిరాంది వాడికెట్టా పనికొచ్చిద్దే? వడగట్టి మళ్లీ మనకే పోస్తున్నాడేమో చూసుకో" అంది ఒకరోజు నాతో. ఆ మాట నా బుర్రలో పడింది, ఇక అక్కడే మొలకెత్తింది.

ఆ తర్వాతసారి బాబాయి వచ్చే ముందు పాత ఫిల్టరు మీద గులాబీ రంగు నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టాను. పని అయ్యాక వెళ్లి చూస్తే చుక్క లేదు. చుక్క లేదంటే ఫిల్టరు కొత్తదని అర్థం. ఎవరికైనా అంతటితో అనుమానం తీరాలి. నాకేమో, ఈ మనిషి చుక్కని చూసేసి పెట్రోలు గుడ్డతో తుడిచేశాడు, ఎంత గడుసోడు అనిపించింది. అందుకని ఆపైసారి పని నేనే చేస్తానని ప్రకటించాను. నాన్న అటూ ఇటూ చూసి, "చేసుకో మరి, నీ చదువుకి ఇంకెప్పుడు పని చెప్పేది?" అన్నాడు.

ఫోనులో వీడియో పెట్టుకుని, నానమ్మని పక్కన స్టూలేసి కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. ఇంజను కాసేపు ఆడించి, కింద బోల్టు విప్పి నల్లటి ఆయిలంతా దించాను. దాన్ని ఎవరూ పట్టుకెళ్లకుండా గొడ్ల చావడిలో దాచాను. ఫిల్టరు విప్పేటప్పుడు ఇంజను మీదా నా మీదా సమానంగా ఒలికింది. కొత్త ఫిల్టరు అంచున ఉండే రబ్బరు రింగుకి ఆయిలు రాసి, చేత్తో బిగించి, కొత్త ఆయిలు పోసి, కొలపుల్ల బయటికి తీసి చూస్తే పై గీత దాకా నిండుగా ఉంది. అప్పుడే అటుగా వెళ్తున్న బాబాయి సైకిలాపి కాసేపు చూశాడు. "పాత రింగు వచ్చిందా అమ్మాయ్?" అన్నాడు మెల్లగా. పాత ఆయిలు చాలక, పాత రింగు మీద కూడా కన్నేశాడనుకున్నాను. "ఏం బాబాయ్, అది కూడా కావాలా మీకు?" అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం ఎలాగో అయింది. సైకిలెక్కి వెళ్లిపోయాడు. నానమ్మ నా వీపు తట్టింది.

మూడో రోజు పొద్దున చూస్తే ఆయిలు రెండు గీతల మధ్యకి దిగింది. ఐదో రోజుకి కింది గీత దగ్గరికి వచ్చింది. నేల మీద మరక ఉందా అని వంగి చూశాను. (నల్లరేగడి మీద నల్ల చుక్క వెతికే తెలివికి డిప్లొమా ఇచ్చారు.) ఇంజను తడిగానే ఉంది, కానీ అది నేను ఒలకబోసిందే అనుకున్నాను. ఇంకేముంది, దొంగ ఉన్నాడు. నాన్న దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "బాబాయే నాన్నా. ఆ పని తన చేతిలోంచి పోయిందని కడుపుమంట. లేకపోతే ఇంతకాలం తగ్గని ఆయిలు నేను పోశాకే ఎందుకు తగ్గుద్ది?" నాన్న కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఆ సాయంత్రం టీకి షెడ్డు వైపు వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. నేను కొత్తగా ఆయిలు పోసి, బానెట్‌కి గొలుసు చుట్టి తాళం వేశాను. దారిన పోతూ బాబాయి అది చూసి, "తాళమేందన్నా?" అని అడిగితే, "పిల్లలు ఆడుతున్నార్లే" అన్నాడు నాన్న, ఆయన వైపు చూడకుండా. మా ఇంట్లో పిల్లలెవరూ లేరని బాబాయికి తెలియదా? నాకు అప్పుడే ఎక్కడో చివుక్కుమంది. అయినా తాళం తీయలేదు.

ఆ వారం వాన తెరిపిచ్చింది. పత్తి చేలో గడ్డి మోకాలెత్తుకి వచ్చింది. మళ్లీ చినుకు పడేలోపు గుంటక తోలకపోతే అదను తప్పినట్టే. నాన్న రెండో సాలు తిప్పుతుండగా మీటరు పక్కన ఆయిలు లైటు ఎర్రగా వెలిగింది. వెంటనే ఇంజను ఆపేశాడు కాబట్టి బతికిపోయాం. గొలుసు సందులోంచి కొలపుల్ల తీస్తే చివర కూడా తడి లేదు. ఉదయం నేను చూసినప్పుడు ఉన్న ఆయిలు, తాళం వేసిన బానెట్ కింద నుంచి, నాన్న సీటు మీద కూర్చుని ఉండగానే మాయమైంది. ఈసారి దొంగని ఎవరిని అనాలో నాకూ తోచలేదు. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదుగా షెడ్డుకి నడిచాడు.

బాబాయి వచ్చాడు. నాన్న దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని, గొలుసు విప్పి పక్కన పెట్టి, వంగుని ఫిల్టరు ఊడదీశాడు. దాంతోపాటు అరచేతిలోకి రెండు రింగులొచ్చాయి. ఒకటి కొత్తది. ఇంకొకటి నేను పాత ఫిల్టరు తీసినప్పుడు ఇంజనుకి అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే కొత్తది బిగించాను. ఇంజను ఆడినప్పుడల్లా ఆ సందులోంచి ఆయిలు కారుతోంది. ఆయన ఆ రోజు సైకిలాపి అడిగింది దీని గురించే. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. బాబాయి నా ముఖంలోకి చూసి, పాత రింగుని స్పానర్ల జేబులో వేసుకుని నాన్న వైపు తిరిగాడు. "ఫిల్టరు నాసిరకం అన్నా. రబ్బరు నిలవట్లా. అమ్మాయి బానే బిగించింది."

"చూశావా, అంతా మోసం" అన్నాడు నాన్న నాతో. నేను తలూపాను.

మర్నాడు షెడ్డుకెళ్లి, "తప్పయింది బాబాయ్" అన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చింది. ఆయన టీ తెప్పించి, "నేను మొదటిసారి లారీకి ఇట్టాగే చేశా. మా మేస్త్రీ చెంప పగలగొట్టాడు" అన్నాడు. అప్పుడు ధైర్యం చేసి, ఆ పాత ఆయిలు ఏం చేస్తారని అడిగాను. "గుంజలకి చెద పట్టకుండా పూసుకుంటామని ఊళ్లో అందరూ అడిగి పట్టుకుపోతారమ్మా. మీ నానమ్మే రెండుసార్లు పట్టుకుపోయింది, మంచంకోళ్లకని."

ఇప్పుడు నేను మంగళగిరిలో ఉద్యోగం చేస్తున్నా, ట్రాక్టరు ఆయిలు మార్చే ఆదివారం మాత్రం నాదే. బాబాయికి చేతులు వణుకుతున్నాయి, స్టూలు మీద కూర్చుని చూస్తాడు. ఆ కంపెనీ ఫిల్టరుని నాన్న ఈ రోజుకీ ఇంట్లోకి రానివ్వడు. కొట్లో ఎవరైనా చూపిస్తే, "అది దొంగ కంపెనీ" అని మొహం మీదే చెప్తాడు. నేను ఆకాశం వైపు చూస్తాను. ఏ పాపం తెలియని కంపెనీ పరువు, నా పరువు కోసం పోయింది. నిజం చెబుదామంటే బాబాయి అబద్ధం బయటపడుతుంది.

మొన్న వెళ్లినప్పుడు పాత ఫిల్టరు విప్పి, అలవాటుగా ఇంజను అంచు చుట్టూ వేలు తిప్పుతున్నాను. ఇప్పుడు నేను గట్టిగా అనుమానించేది నన్నే. వెనక నుంచి నాన్న అడిగాడు. "పాత రింగు వచ్చిందా అమ్మాయ్?"

రింగు సంగతి నాన్నకి నేనెప్పుడూ చెప్పలేదు. తిరిగి చూస్తే నాన్న చేను వైపు చూస్తున్నాడు. బాబాయి చల్లారిపోయిన టీని ఊదుకుంటున్నాడు. వీళ్లిద్దరి మధ్య ఈ మాట ఎప్పుడు నడిచిందో, ఎన్నేళ్లుగా నా ముందు నాటకమాడుతున్నారో తెలియదు. ఆ రోజుల్లో నేనైతే అప్పటికప్పుడే నెయిల్ పాలిష్ సీసా తీసేదాన్ని. "వచ్చింది నాన్నా" అన్నాను, రింగు చేతిలో పెట్టి చూపిస్తూ.