రూపాయి బిళ్ళ మోత

మా మేనమామ బెంగళూరులో విమానాలు రిపేరు చేసేవాడు. రెక్క మీద రూపాయి బిళ్ళతో కొట్టి, మోతను బట్టి లోపలి పగులు పసిగట్టేవాడు. "మన బిడ్డలెక్కేదే అనుకోని వినల్లప్పా" అనేవాడు. పుంగనూరు సంతలో కుండలకూ అదే బిళ్ళ, అదే చెవి.

ఒకసారి కంపెనీవాళ్లు కొందరు విదేశీయులను తీసుకొచ్చి, వీళ్లు మన అతిథులు, పని చూపించమన్నారు. మామ ఆ మోత వినడం కూడా దాచుకోకుండా నేర్పాడు. ఏడాది తిరక్కుండా విమానాలు రిపేరుకు వాళ్ల దేశానికే పోయాయి. మామను ఇంటికి పంపేశారు.

తర్వాత సంతలో ఆయన చేతికందిన కుండను అలాగే ఎత్తుకున్నాడు.

"యాల కొట్టి సూడలేదన్నా?" అంది మా అమ్మ.

"సూసేవాళ్లు వేరే దేశంలో ఉండారంట లేమ్మా."