గంగారాం ఆపించిన బండి

సిరిసిల్లకు ఇప్పటికైతే రైలు లేదు. అయినా రైళ్ల గురించి సిరిసిల్లవాళ్లకు తెలిసినంత, రైలున్న ఊళ్లవాళ్లకు తెలియదు. అలా తెలిసినవాళ్లందరిలోకీ బాగా తెలిసినవాడు గంగారాం. ఏ బండికి ఎన్ని డబ్బాలో, ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఎక్కింది మాత్రం బతుకులో నాలుగైదు సార్లు, అంతే.

ఆయనకు అరవై రెండేళ్లు. పద్మశాలి ఇంట్లో పుట్టి, పదేళ్లకే నూలు కండెలు చుట్టి, పదిహేనేళ్లకు అన్న నర్సన్న వెంట ముంబయి పక్కనున్న భివండి పోయి మరమగ్గాల్లో పడ్డాడు. మరమగ్గాన్ని మా దిక్కు సాంచా అంటారు. తెగిన పోగును ఆగకుండా ఎలా అతకాలో అన్నే నేర్పాడు. పన్నెండు మంది పడుకునే ఇరుకు గదిలో తమ్ముడికి గోడ పక్క జాగా ఇచ్చి, తాను గడప దగ్గర, అందరి కాళ్ల కింద పడుకున్నాడు. కొన్నేళ్లకు గంగారాం తిరిగొచ్చి, లసుమవ్వను చేసుకుని, సిరిసిల్లలో నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. నర్సన్న మాత్రం "గీ ఏడు కాదురా, మల్లేడు అస్త" అంటూ భివండిలోనే ముసలివాడైపోయాడు.

రెండేళ్ల కింద నర్సన్న జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. డాక్టర్లు లోపల రాడ్డు వేశారు. చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక తమ్ముడికి ఫోన్ చేశాడు.

"తమ్మీ, ఇగ చాలురా. నన్ను ఇంటికి తోల్కపో. మన వాడకట్టుల నీ పక్కన కూసుంట."

ఆ వారమే పోయి తెచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు. లసుమవ్వ మంచం కూడా సర్దిపెట్టింది. కానీ గంగారాంకు రైళ్ల గురించి తెలుసు కదా, అదే వచ్చిన తంటా.

"బస్సు కుదుపు ఆ తుంటికి పనికిరాదు. ముంబయి బండ్ల పండవెట్టే తేవాలె" అన్నాడు. "కోరుట్లల దించితె, ఆడికెల్లి సిరిసిల్ల దాంక ఆటోల అన్న పాణం పోతది. అందుకే బండినే మనకు దగ్గర్ల ఆపిస్త. ఆపినంకనే అన్నను తెస్త."

"నీ అయ్య ఏసిండా పట్టాలు, నువ్వు అనంగనే ఆపెతందుకు?" అంది లసుమవ్వ. మొగుడు వినిపించుకోలేదు.

అలా పుట్టింది మూడు పట్నాల రైలు పునరాలోచన సమితి. సిరిసిల్ల తరఫున గంగారాం, జగిత్యాల నుంచి రిటైరైన పంతులు గోవర్ధన్, కోరుట్ల నుంచి బట్టల దుకాణం లక్ష్మీరాజం. అధ్యక్షుడు ఎవరన్నదాని మీద మూడు నెలలు మథనపడి, చివరికి ముగ్గురూ అధ్యక్షులేనని తీర్మానించుకున్నారు. సభ్యులే కరువయ్యారు.

ముంబయి బండి వారానికొకసారి నిజామాబాద్ మీదుగా వచ్చి, కోరుట్ల, జగిత్యాల తగిలి, కరీంనగర్‌లో ఆఖరవుతుంది. దాని దారినీ డబ్బాలనూ సరిచేసే పని సమితి నెత్తికెత్తుకుంది. బండి కోరుట్లలో ఇంకో పది నిమిషాలు ఆగాలన్నాడు లక్ష్మీరాజం, చాయ్ తాగే లోపే కదిలిపోతున్నదట. పేపర్ చదువుకోవడానికి ఒక డబ్బా విడిగా ఉండాలన్నాడు గోవర్ధన్. ముస్తాబాద్ నుంచి వచ్చినవాళ్లు పట్టాలు తమ దిక్కు వంచమన్నారు. బోయినపల్లి వాళ్లు మరీ న్యాయంగా మాట్లాడారు.

"పట్టాలు మెల్లగ ఏసుకోవచ్చు సారూ, ముందుగాల స్టాపు రాయుండ్రి!"

ఎవరినీ నొప్పించని గంగారాం అందరి కోరికలూ కలిపి ఒక తెల్లగుడ్డ మీద బొగ్గుతో దారి గీశాడు. ఆ దారిలో బండి కోరుట్ల దాటి, ఊళ్లన్నీ తిరిగి, మళ్లీ కోరుట్లకే వచ్చింది. లక్ష్మీరాజం ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

ఇంతమంది ఇన్ని ఊళ్ల పేర్లు చెప్పారు గానీ, కరీంనగర్ పేరు మాత్రం ఒక్కరి నోటా రాలేదు. కరీంనగర్ నుంచి జిల్లాలు వేరుపడ్డాక జగిత్యాల జగిత్యాలే, సిరిసిల్ల సిరిసిల్లే. వేరుపడ్డ తమ్ముడు చింతపండు లేకపోతే చప్పిడి పులుసు తాగుతాడు గానీ, అన్న వాకిట్లోకి పోయి చెయ్యి చాపడు. అంత పౌరుషం మనది.

చివరికి జగిత్యాల దాటాక, కరీంనగర్‌కు ముందు, పెగడపల్లి దిక్కున ఉన్న ఒక చిన్న హాల్టు దగ్గర రాజీ కుదిరింది. దాని పేరు నేను చెప్పను, ఆ ఊరివాళ్లతో నాకు పనులున్నాయి. అది మూడు పట్నాల్లో దేనికీ దగ్గర కాదు కనుక ఎవరికీ కోపం రాలేదు. సమితి రెండు ఆటోల్లో పోయి హాల్టును పరిశీలించింది. పరిశీలన అంటే, వేపచెట్టు కింద కూర్చుని లసుమవ్వ కట్టిచ్చిన సర్వపిండి తిని, ఫొటో దిగి రావడం. బట్టను మీటరు పెట్టి కొలవకుండా సాంచా మీంచి దించని గంగారాం, ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారైనా నడిచి చూడలేదు.

తర్వాత దరఖాస్తులు, ధర్నాలు, రిలే దీక్షలు. పొద్దున టిఫిన్ చేసి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేచే దీక్షలవి. నెలకోసారి నర్సన్న ఫోన్ చేసేవాడు.

"ఎంతదాంక అచ్చిందిరా తమ్మీ?"

"అయిపోయిందన్నా, ఇగ సంతకమే తక్కువ. జర ఓపిక వట్టు."

నర్సన్న ఓపిక పట్టాడు. అలా రెండేళ్లు పట్టాడు.

సమితి పంపిన నలభై ఒక్క కోరికల్లో పైవాళ్లు ముప్పై తొమ్మిది కొట్టేసి రెండు ఒప్పుకున్నారు. హాల్టులో రెండు నిమిషాలు ఆగడం ఒకటి. బండి తోకకు రెండు స్లీపర్ డబ్బాలు తగిలించడం ఇంకొకటి. రెండూ గంగారాం రాసినవే! ఆ రోజు గంగారాంను పట్టడం ఎవరితరం కాలేదు. నర్సన్న బిడ్డ సంధ్యకు ఫోన్ చేసి, "బిడ్డా, ఆ కొత్త డబ్బలనే కింది సీటు బుక్ చెయ్యి. ఆఖరి డబ్బ. నేను ఏపిచ్చిన డబ్బ!" అన్నాడు.

బండి మొదటిసారి ఆగే శనివారం పొద్దున హాల్టు దగ్గర జాతరే. డప్పులు, దండలు, గుమ్మడికాయ, ముగ్గురు అధ్యక్షులకు మూడు మైకులు. బండి వచ్చి ఆగింది. జనమంతా ఇంజను మీదికి ఎగబడ్డారు. కొబ్బరికాయ కొట్టబోతూ గంగారాం వెనక్కి తిరిగి చూశాడు. సగం బండికే ప్లాట్‌ఫారం అయిపోయింది. మిగతా సగం ఎక్కడో పొలాల మధ్య కట్ట మీద ఆగి ఉంది. అంతలో సంధ్య ఫోన్ చేసింది.

"చిన్నబాపూ, ఈడ ప్లాట్‌ఫారం లేదు. కింద కంకర గడ్డ ఉన్నది. బాపును ఎట్ల దించాలె?"

గంగారాం కొబ్బరికాయ గోవర్ధన్ చేతిలో పెట్టి పరుగు తీశాడు. ప్లాట్‌ఫారం దాటి, కంకర మీద జారుతూ, ముళ్లు గీసుకుంటూ ఉరికాడు. ఆఖరి డబ్బా తలుపులో నర్సన్న, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో సంధ్య భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కాళ్ల కింద మెట్లు, మెట్ల కింద వాలుగా కంకర. గంగారాం చేతులెత్తి ఎంత నిక్కినా అన్న పాదాల దాకానే అందాయి. ఆ పాదాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇంజను కూత వేసింది. బండి కదులుతుంటే గంగారాం కడ్డీ పట్టి పైకి పాకాడు. సంధ్య ఆయన చొక్కా పట్టి లోపలికి లాగింది.

ప్లాట్‌ఫారం మీద జనం చప్పట్లు కొడుతూ బండిని సాగనంపారు. గోవర్ధన్ ఫోన్ చేశాడు.

"ఏడున్నవే గంగారామన్నా? నీకు శాలువ కప్పాలె, మైకుల పిలుస్తున్నం!"

"బండ్ల ఉన్న. దింపుదామంటె ప్లాట్‌ఫారం అందలె."

"అట్లనా? అయితె వచ్చే ఉద్యమం ప్లాట్‌ఫారం మీదనే!" అన్నాడు గోవర్ధన్ హుషారుగా. గంగారాం ఫోన్ కట్ చేశాడు.

నర్సన్న తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరాడు. "ముసలోనివైనవ్ గదరా" అని నవ్వాడు. కాసేపు కిటికీలోంచి వరి మళ్లు చూసి అడిగాడు.

"ఇగ ఏడ ఆగుతది?"

"కరీంనగర్ల."

"ఆడ దిగరాదా నాకు?"

"దిగస్తదన్నా. ప్లాట్‌ఫారం మంచిగనే ఉంటది. కుర్చీ బండి గూడ ఉంటది."

"ఆడికెల్లి ఇల్లు దూరమా?"

"గంట తొవ్వ. రోడ్డు నున్నగుంటది."

నర్సన్న కిటికీ నుంచి తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూశాడు.

"మరి నన్ను రెండేండ్లు ఎందుకు ఆపినవ్‌రా తమ్మీ?"

గంగారాం అన్న ఒళ్లో మొహం పెట్టుకుని, డబ్బాలో అందరూ చూస్తుండగా బోరుమన్నాడు. బండి నెమ్మదించింది.

"ఏడ్వకు, లే" అన్నాడు నర్సన్న, చేతికర్ర అందుకుంటూ. "స్టేషన్ అచ్చింది. నన్ను వట్టుకో."