నూనెల మేడం

ఆదివారం ప్రార్థన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. మా కెమిస్ట్రీ మేడం చేవెళ్లలో, తన ఇంట్లోనే కన్నుమూశారట.

మొయినాబాద్ దగ్గర మా కాలేజీలో ఆమెను అందరూ నూనెల మేడం అనేవారు. వాము, లవంగం, నిమ్మగడ్డి, తులసి, ఏది దొరికినా ఆవిరి పట్టించి నూనె తీసేవారు. అందులో ఏ రసాయనాలున్నాయి, అది ఏ క్రిమిని ఆపుతుంది, ఎప్పుడూ అదే ధ్యాస. నేను మొదట ఆమె విద్యార్థిని, తర్వాత అదే ల్యాబ్‌లో అసిస్టెంటుని. నాకు తిండి పెడుతున్న విద్య ఆమె నేర్పిందే.

చదువుకునే రోజుల్లో ఒకసారి క్రిములు పెంచే పళ్లేలు, వాము నూనె వేసినవీ వేయనివీ, అన్నీ ఒకే డబ్బాలో పెట్టేశాను. తెల్లారి చూస్తే నూనె వేయని పళ్లెంలో కూడా క్రిములు లేవు. అదేదో అద్భుతమనుకుని నేను ఎగిరి గంతేస్తే మేడం పడీపడీ నవ్వారు.

"నూనె ఏసినకాడనే ఉంటదనుకున్నవా? వాముల థైమాల్ ఉంటది బిడ్డా, గాలిల ఎగురుతది. పక్క పళ్లెంలకు గూడ పోయింది. క్రిమి పైపొరనే చెడగొట్టే సరుకది."

వాము నమిలినవాళ్లకు ఆ ఘాటు తెలుసు కదా, దాని సంగతే చెప్పారామె. పుండుకు రాస్తామని ఎవరైనా నూనె అడిగితే మాత్రం కసిరేవారు. "పళ్లెంల చచ్చింది పుండుల చస్తదని ఎవరు చెప్పిన్రు? దవాఖానకు పో."

గాలి ఆడని ఆ ల్యాబ్ గదిలో ఏళ్ల తరబడి ఆ ఆవిర్లు పీల్చి పీల్చి ఆమెకు ఆస్తమా ముదిరింది. ఉద్యోగం మానేసి ఒక్క గదికే పరిమితమయ్యారు. ఏ వాసనా పడేది కాదు. నేను వెళ్తే వాళ్లమ్మాయి వేరే బట్టలిచ్చి, మార్చుకున్నాకే లోపలికి పంపేది. నన్ను చూడాలని ఆమెకు ఎంత ఉన్నా, నా ఒంటి నిండా ల్యాబే మరి.

కిందటిసారి నా దగ్గు విన్నారు. దుమ్ము వల్ల అన్నాను.

"నాకు చెప్తున్నవా? నేను గూడ గిట్లనే అన్న. ఆ పని ఇడిచిపెట్టు బిడ్డా."

"ఎట్ల మేడం? ఇల్లు నా జీతం మీదనే నడుస్తున్నది. దగ్గని తెలిస్తే తీసేస్తరు."

ఆమె నా వీపు నిమిరారు. ఆ చెయ్యి ఇక లేదంటే ఏడుపు ఆగడం లేదు.

సోమవారం ప్రిన్సిపాల్ సార్ ల్యాబ్‌కు వచ్చి రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. మేడం ఫొటో ముందు కొవ్వొత్తి ఆరిపోతుందని ఫ్యాన్లు ఆపించారు. అందరూ తలలు వంచారు. ఆ నిశ్శబ్దంలో నా ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి బిగబట్టాను. ఎంతసేపని బిగబడతాను? ముందు వరుసలో ఒకమ్మాయి తలెత్తి చూసింది. ఆ తర్వాత ప్రిన్సిపాల్ సార్ కూడా.