తాడు ముందుకు కట్టిన అవ్వ

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. పోలీసులు సభకు దారి మూసేస్తే, చిట్యాల దగ్గర మా లారీ బండ్లబాట పట్టి నల్లరేగడి బురదలో ఇరుసుదాకా దిగబడింది. ట్రాక్టర్‌తో వచ్చిన ఎస్సై లారీ వెనక నుంచి ట్రాక్టర్‌కు తాడు కట్టించాడు.

"బయటికి లాగిస్తాను. అటు నుంచి అటే ఇళ్లకు పొండి."

లారీలో నా పక్కన కూర్చున్న తండా అవ్వ, పేరైనా అడగలేదు నేను, మోకాళ్లలోతు బురదలోకి దిగింది. ఎస్సై వద్దంటున్నా రెండు వైపులా ముడి విప్పి, తాడును లారీ ముందు కట్టి, కొస మా చేతుల్లో పెట్టింది.

"ఎన్కకు మర్లిపోను గింత దూరం వచ్చినమా? గుంజుండ్రి, బిడ్డా."

అందరం గుంజాం. సభలో ఎవరేం మాట్లాడారో మరిచిపోయాను. ఆ ట్రాక్టర్ డ్రైవరూ దిగొచ్చి నా వెనకే తాడు పట్టుకున్న సంగతి మాత్రం మరవలేదు.