స్పిరిట్ సీసా, వెదురు కర్ర

1942 వేసవిలో నన్ను చిత్తూరు జిల్లాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి మిడ్‌వైఫ్‌గా వేశారు. శిక్షణ పొంది, పరీక్ష ప్యాసై, ఊళ్లకు నడిచి వెళ్లి పురుళ్లు పోసే ఉద్యోగం అది. నాకు పైన డాక్టరు, ఆయనకు పైన చిత్తూరులో జిల్లా అధికారులు. భర్త పోయాక ఈ చదువు చదివాను గనుక, ఉద్యోగం వదిలితే వెళ్లే చోటు నాకు లేదు.

మా సంచిలో కత్తెర, బొడ్డుకు కట్టే దారం, దూది, చేతులు శుభ్రం చేసుకునే స్పిరిట్ ఉండేవి. జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. సారా దొరక్క స్పిరిట్ తాగేవాళ్లు తయారయ్యారు. నేను చేరిన కొత్తలోనే, పట్టపగలు చెరువుకట్ట మీద ఇద్దరు నా సంచి లాక్కుని, సీసా తీసుకుని, మిగతాదంతా మట్టిలో దులిపి పోయారు. ఆ రోజు కత్తెర ఉడకబెట్టి, సబ్బుతో చేతులు తోముకుని పురుడు పోశాను. మగతోడు లేకుండా కదలవద్దని డాక్టరు ఆదేశించారు. ఉన్న ఒక్క ప్యూనూ ఆసుపత్రి వదలకూడదు. ఇక తోడెక్కడ?

మా వీధి చివర తగరపు పనిచేసే ఖాదర్ సాయిబు, పీర్ల పండగకు కుర్రాళ్లకు కర్రసాము నేర్పేవాడు. నాకూ నేర్పమన్నాను. ఆయన తల వంచుకుని, "ఆడమనిషికి నేను యాడ నేర్పేదమ్మా! నలుగురూ నవ్వుతారు" అన్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య జైతూన్‌బీ వచ్చింది. "నాకు నేర్పినావు గదా, ఎవురు నవ్వినారు? నర్సమ్మా, రేపు పొద్దున మా పెరట్లోకి రా."

చెవి దాకా వచ్చే వెదురు కర్ర ఇచ్చింది. కాళ్లు ఎడంగా పెట్టి, బరువు వెనక కాలి మీద ఉంచాలి. నేను కర్ర వైపు చూస్తే కసిరేది. "కర్రను గాదు, భుజాన్ని సూడు. అది కదిలినాకే కర్ర కదుల్తాది." వేళ్లు వాస్తే నా ఉద్యోగం సాగదని నా చేతులకు గుడ్డ చుట్టేది. ఒక రోజు ఆమె దెబ్బ నా కర్రకు తగిలి ఆగిపోయింది. ఇద్దరం ఒక్కసారే కేక పెట్టాం. ఆ పూట ఆసుపత్రికి గాల్లో తేలుతూ వెళ్లాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం చెరువు అవతలి ఊరి నుంచి మునస్వామి అనే రైతు వచ్చాడు. "నా పెండ్లానికి నొప్పులు ఎక్కువైనాయమ్మా, బిన్నా రాండి, ఆలస్యం సేయొద్దు" అని చెప్పి, అత్తను పిలుచుకురావడానికి పక్క ఊరికి పరుగెత్తాడు. నేను సంచీ కర్రా తీసుకుని ఒంటరిగా బయలుదేరాను.

కట్ట మీద మళ్లీ వాళ్లిద్దరే.

"నర్సమ్మ గొర్రెలు మేపను పోతాండాదిరా!" అంటూ పెద్దవాడు సంచి మీదికి చెయ్యి చాపాడు. అతని భుజం కదిలింది. నా కర్ర అతని మణికట్టు మీద పడింది. వాడు అరుస్తూ కూలబడ్డాడు. రెండోవాడు తాటిమట్ట ఎత్తి వచ్చాడు. దాన్ని ఆపి, కర్ర కొసతో పొట్టలో పొడిచాను. కట్ట మీద నుంచి జారి నీళ్లలో పడ్డాడు. నా ఒళ్లంతా ఉడికిపోతోంది. పెద్దవాడి మీదికి మళ్లీ కర్ర ఎత్తాను. "వొద్దమ్మా, వొద్దు!" అని తల పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, అవతల ఒక మనిషి నొప్పులు పడుతోంది. సంచి తీసుకుని పరుగెత్తాను.

మునస్వామి ఇంట్లో స్పిరిట్‌తో చేతులు తుడుచుకుని కూర్చున్నాను. బిడ్డ తల బయటికి వచ్చింది. మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. పేగు సడలించి తప్పించాను. ఆడపిల్ల, గట్టిగా ఏడ్చింది.

డాక్టరు నా చేత రిపోర్టు రాయించుకుని, మగతోడు ఆదేశం రద్దు చేశారు. జైతూన్‌బీ మాత్రం జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకుని తల పట్టుకుంది. "రెండోవాని పక్క తిరిగినప్పుడు మొదటోనికి వీపు ఇచ్చినావే! పొద్దున్నే రా, మళ్లా నేర్సుకుందువు."

ఆ రోజు కట్ట మీద నాకు ముందుగా ధైర్యం రాలేదు. అలవాటైన చెయ్యి ముందు లేచింది, ధైర్యం దాని వెనక వచ్చింది. తర్వాతి కాలంలో నా కింద చేరిన మిడ్‌వైఫ్‌లకు ధైర్యంగా ఉండమని చెప్పడం మానేసి, కర్ర పట్టడం నేర్పించాను.