వేసవిలో తీసిన కొలత

2003 ఏప్రిల్ 24, గురువారం, ఉదయం ఆరుంపావుకు మా మునిసిపల్ ప్రాంగణం నేలను కొలవడం మొదలుపెట్టాను. ఏడూ యాభైకి ముగించాను. పదహారు చోట్ల కొలిచాను. ఆ పదహారు అంకెలూ నా డైరీలో ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా తప్పు కాదు.

ప్రాంగణమంటే మూడు వైపులా సిమెంటు మెట్లు, నాలుగో వైపు రంగస్థలం, మధ్యలో మట్టి నేల. పొద్దునా సాయంత్రమూ అక్కడ ఆటలు ఆడేవారు. దీపాలు పెట్టాక పద్యనాటకాలూ పాటకచేరీలూ జరిగేవి. మిరపకాయల లారీలు ఊళ్ళోకి దిగే రోజుల్లో కచేరీ పెడితే వినేవాళ్ళు దగ్గుతూ వినేవారు, పాడేవాళ్ళు దగ్గు ఆపుకుని పాడేవారు. అయినా వన్స్ మోర్ కేకలకు లోటుండేది కాదు. 2003 నాటికి పదకొండు మెట్ల వరసల్లో మూడు కుంగిపోయాయి. రంగస్థలం చెక్కలకు చెదలు పట్టింది. పై రేకులు గాలికి లేచి చప్పుడు చేసేవి. బాగు చేయించాలని ఊరంతా అనుకుని చివరికి ఒక కమిటీ వేశారు. ఏడుగురం. ఆడదాన్ని నేనొక్కదాన్నే.

నేను మునిసిపల్ బాలికల హైస్కూల్లో లెక్కల టీచరుని. 1996లో వ్యాయామ టీచరు బదిలీ అయి వెళ్ళాక ఆ ఖాళీ నిండలేదు. కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడినదాన్ని కాబట్టి పిల్లల ఆట నేనే చూసుకుంటానన్నాను. మా బడికి మైదానం లేదు. రోజూ నాలుగున్నరకు పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రాంగణానికి వెళ్ళేదాన్ని.

ఆ నేలను చూసుకునే ఆయన దూదేకుల వారు. తండ్రి పత్తి ఏకి పరుపులు కుట్టేవారట. ఈయన మాత్రం మునిసిపాలిటీలో చేరి ముప్పై ఏళ్ళుగా ఆ నేలనే అంటిపెట్టుకుని ఉన్నారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అయినా నేను ఆయన్ని నువ్వు అనేదాన్ని. ఆయన నన్ను టీచరమ్మగారూ అనేవారు.

మా పట్నం నల్లరేగడి మీద ఉంది. పత్తికీ మిరపకూ అంత మంచి నేల దొరకదు. ఆటకు అంత చెడ్డ నేలా ఉండదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి పట్టేంత బీటలు తీస్తుంది. ఏటా దీపావళి వెళ్ళాక ఆయన ఆ నేలను పైపైన తవ్వి, ఎర్రమన్నూ పుట్టమన్నూ కలిపి పరిచి, తడిపి, రాతి రోలరు లాగించేవారు. తరవాత చెప్పులు విడిచి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవారు. ఎక్కడో ఆగి మడమతో నొక్కి, "ఇక్కడ ఇంకో తట్ట" అనేవారు. ఆయన దగ్గర టేపు ఉండగా నేను ఎన్నడూ చూడలేదు.

ఆ పని అయ్యేదాకా ఆట ఉండదు. వానలకు పోయిన రోజులూ మరమ్మతుకు పోయిన రోజులూ కలిపి ఏడాదికి ఎన్ని పోతున్నాయో నేను రాసి పెట్టుకున్నాను. ఏడేళ్ళ సగటు అరవై ఒక్క రోజులు. జిల్లా ఎంపికలేమో సరిగ్గా నవంబరులో వస్తాయి. సిమెంటు కోర్టుల మీద ఆడిన పిల్లలు అప్పటికి చేయి తిరిగి వస్తారు. మా పిల్లలు రెండు నెలలు చేతులు ముడుచుకు కూర్చుని వస్తారు. ఏ వానకూ పాడుకాని నేల కావాలి. కమిటీలో నేను చేరింది అందుకే.

చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఉన్న పెద్దమనిషి ఒకరు కమిటీలో ఉన్నారు. నేలకు కావలసిన రాయి అంతా ఊరికే ఇస్తానన్నారు. ఎవరో వద్దన్న సరుకు, కోసిన పలకలు, మార్టూరు రాతికోత మిల్లులో పడి ఉన్నాయి. జూన్ లోపల అక్కడి నుంచి ఎత్తాలి.

"మా రాయిని జపానోళ్ళు సమాధులకి తీసుకపోతన్నారు. మనూళ్ళో పిల్లకాయలు ఎగరటానికి పనికిరాదా?" అన్నారాయన. అందరూ నవ్వారు.

"నునుపు చేసిన రాయి వద్దండీ. తడిస్తే పిల్లలు జారతారు. గరుకుది అయితేనే ఒప్పుకుంటాను" అన్నాను.

"గరుకుదే ఇస్తానమ్మా. ఈ టీచరుగారి కంటే జపానోడితో బేరమే తేలిక!"

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. కొత్తగా వచ్చిన కుర్రవాడు. "రేగడి నేలండీ. నాలుగడుగులు తవ్వి గ్రావెల్ నింపకుండా పలకలు పరిస్తే లేస్తాయి. ఆ పనికి మూడు నెలలు పడుద్ది" అన్నాడు.

"మూడు నెలలా? నా సరుకు ఎవరి నెత్తిన పెట్టను?"

"నేల కదలదని తెలిస్తే తవ్వక్కర్లేదండీ. కానీ ఆ సంగతి ఎవరు చెబుతారు?"

నేను చెప్పగలనన్నాను. 2001 ఏప్రిల్‌లో వేసవి శిబిరం కోసం కోర్టు గీసినప్పుడు, రంగస్థలం రాతి అంచు నుంచి నూలుతాడు కట్టి పదహారు చోట్ల నేల ఎంత లోతున ఉందో రాసుకున్నాను. మళ్ళీ అవే చోట్ల కొలిస్తే రెండేళ్ళలో నేల ఎంత కదిలిందో తెలిసిపోతుంది. కమిటీకి ఆ మాట నచ్చింది. నాకు ఇంకా బాగా నచ్చింది.

ఆ గురువారం తాడు రెండో కొస పట్టుకున్నది నేలను చూసుకునే ఆయనే. పదహారో చోటు కూడా అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నిటికంటే పెద్ద తేడా పావు అంగుళం కంటే తక్కువ.

"చూశావా, నీ నేల కదల్లేదు" అన్నాను.

ఆయన తాడు చుడుతూ, "రెండూ ఏసంగి కొలతలేగా అమ్మా" అన్నారు. "రెండేళ్ళ బట్టీ వాన కూడా సరిగా లేదు. దీపావళి ముందర ఒకసారి కొలవండి. ఇదే నేల మీకు ఇంకో లెక్క చెబుద్ది."

"అప్పటిదాకా రాయి ఇచ్చే ఆయన ఆగుతాడా?"

"ఆగకపోతే మట్టే ఉంటదండీ. మట్టి లేస్తే నేను కొట్టుకుంటా. రాయి లేస్తే ఎవరు కొడతారు?"

"నీకిదంతా ఎవరు చెప్పారయ్యా, నీ పాదమా?"

"పాదమేనండీ" అన్నారు. ఎగతాళి చేశానని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

ఏప్రిల్‌లో బడికి సెలవులిస్తారు కాబట్టి రెండుసార్లూ ఏప్రిల్‌లోనే కొలిచాను. వేరే కారణం లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఈ ఒక్క సంగతి నాకు తట్టలేదు. ఆయన చెప్పినప్పుడు తట్టింది కానీ, అరవై ఒక్క రోజులు కళ్ళముందు పెట్టుకుని దాన్ని పక్కకు నెట్టాను. ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద, నేలలో చెప్పుకోదగ్గ కదలిక లేదని రాసి సంతకం చేశాను. ఇంజనీరు తవ్వకం కొట్టేసి ఆరంగుళాల ఇసుక పోయించి ఊరుకున్నాడు.

పలకలు వచ్చినప్పుడు ప్రతి పలకనూ చూశాను. ఒక దాని మీద బిందెడు నీళ్ళు పోయించి రబ్బరు బూట్లతో పరుగెత్తి చూశాను. యాభై మూడేళ్ళ దాన్ని అలా పరుగెత్తుతుంటే మేస్త్రీలు నవ్వారు. జారలేదు. నునుపు తేలిన తొమ్మిది పలకల్ని వెనక్కి పంపాను.

2003 నవంబరు 15, శనివారం ప్రాంగణం మళ్ళీ తెరిచారు. కొత్త రేకులు, కొత్త దీపాలు, రంగస్థలానికి కొత్త చెక్కలు. పద్యాలు పాడటానికి వచ్చిన పెద్దాయన మొదటి పద్యం రాగం తీయగానే గొంతు రాతికి తగిలి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక పాదం ముగియకముందే అంతకుముందు పాడిన పాదం చెవిలో పడుతోంది. ఆయన ఒక క్షణం ఆగి, రాగం తగ్గించి పాడారు. జనం చప్పట్లు కొట్టారు. వన్స్ మోర్ అని మాత్రం ఎవరూ అరవలేదు. నేలను చూసుకునే ఆయన వెనక మెట్టు మీద కూర్చుని నాతో, "ఇదివరకు కచేరీకి ముందు నేల తడిపేవాణ్ణి. మట్టి గొంతుని తాగేదండీ" అన్నారు. ఆట ముఖ్యమని సరిపెట్టుకున్నాను.

ఆట బాగానే సాగింది. మొదటి ఏడు వానకు పోయింది పద్నాలుగు రోజులే. రెండో ఏడు పదకొండు. ఆ అంకెలు ఎరుపు సిరాతో రాసుకున్నాను.

నేలను చూసుకునే ఆయన మనవరాలు ఎనిమిదో తరగతిలో మా జట్టులోకి వచ్చింది. వెనక వరసలో ఆడేది. బంతి తల మీదుగా పోతుంటే వెనక్కి తిరగకుండా, కళ్ళు బంతి మీదే పెట్టి, ఏడెనిమిది అడుగులు వెనక్కే పరుగెత్తి అందుకునేది. నేను చూసిన పిల్లల్లో అలా చేయగలిగింది అదొక్కతే.

"వెనక గోడ ఉంటే ఏం చేస్తావే?" అని జట్టు పిల్లలు ఏడిపించేవారు.

"గోడే జరుగుద్ది" అనేది.

2005లో పదో తరగతికి వచ్చింది. జిల్లా జట్టులో చోటు దొరికితే క్రీడల కోటాలో ఇంటరుకు హాస్టలు సీటు వస్తుంది. రాకపోతే తల్లితో పాటు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోవాలి. ఇంట్లో అలా తేల్చి చెప్పారు. ఎంపికలు నవంబరు 13న.

ఆ ఏడు వాన వచ్చింది. సెప్టెంబరంతా పడింది, అక్టోబరులో ఇంకా పడింది. అక్టోబరు 20న ఆయన మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు.

"నాలుగు పలకలు లేచాయండీ."

వెళ్ళి కొలిచాను. మూడు పలకల అంచులు పావు అంగుళం, ఒకటి అర అంగుళం. మునిసిపాలిటీకి ఉత్తరం రాశాను. ఎంపికలు ఇరవై నాలుగు రోజుల్లో ఉన్నాయి. ఆట ఆపితే ఆ పిల్ల చేయి చల్లబడిపోతుంది. అందుకని లేచిన నాలుగు పలకల చుట్టూ తెల్ల పెయింటుతో గీత గీశాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పాను. "గీత ఉన్నచోట కాలు పెట్టొద్దు. గీత లేనిచోట భయం లేదు."

"కొన్నాళ్ళు ఆపితే మేలేమో అమ్మా" అన్నారు ఆయన.

"నీ మనవరాలి కోసమే కదయ్యా" అన్నాను.

నవంబరు 6, 7 తేదీల్లో వాన. 8, మంగళవారం తెరిపిచ్చింది. రాళ్ళు ఆరాయి. నాలుగున్నరకు కోర్టు చుట్టూ తిరిగి నాలుగు గీతలూ చూసుకున్నాను, చెరగలేదు. పలకల్ని మళ్ళీ కొలవలేదు. ఐదుంపావు దాటి నాలుగు నిమిషాలకు బంతి ఎత్తుగా లేచింది. ఆ పిల్ల ఒక్కసారి కిందికి చూసింది. గీత ఎక్కడుందో చూసుకుంది, నేను చెప్పినట్టే. గీత లేనివైపు తిరిగి, కళ్ళు బంతి మీద పెట్టి, వెనక్కి పరుగెత్తింది. ఐదో పలక ఆ రెండు రోజుల్లోనే లేచింది. మడమ దాని అంచుకు తగిలింది. పడుతూ మోకాలు మెలిపడింది. ఆ చప్పుడు నాకు మెట్ల దగ్గరికి వినిపించింది.

ఆయన నాకంటే ముందు చేరుకున్నారు. ఉత్త కాళ్ళతో ఉన్నారు. పిల్లను ఒళ్ళోకి తీసుకున్నారు. పిల్ల ఏడుస్తూ నావైపు చూసి, "గీత తొక్కలేదు టీచర్. ఒట్టు, తొక్కలేదు" అంది. తప్పు తనదేమోనని దాని భయం.

"నువ్వు తొక్కలేదమ్మా. చూశాను" అన్నాను.

తాతా మనవరాలూ గుంటూరు పెద్దాసుపత్రిలో పదిహేడు రోజులున్నారు. నేను తొమ్మిదిసార్లు వెళ్ళాను. మోకాలి లోపల నరం తెగిందన్నారు. నడుస్తుంది, పరుగు ఉండదన్నారు. ఆఖరుసారి వెళ్ళినప్పుడు వరండాలో ఆయనతో, "మీరు చెప్పారు, నేను వినలేదు" అన్నాను. అంతకుముందు ఆయన్ని ఎన్నడూ మీరు అనలేదు.

ఆయన, "మీరు గీసినవి నాలుగూ కరెక్టేనండీ" అన్నారు.

ఊరికి తిరిగి వచ్చి ఐదో పలకను కొలిచాను. అర అంగుళం మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. డైరీలో పదహారు అంకెల కింద రాశాను. ఆ పక్కనే, 2003లో నేను సంతకం చేసి ఇచ్చిన కాగితం నకలు కూడా పెట్టాను. మునిసిపాలిటీకి ఇంకో ఉత్తరం రాశాను. నేల కదలదని 2003లో నేనిచ్చిన మాట తప్పని, అది రెండు వేసవుల కొలత మాత్రమేనని, ఎవరు అడిగినా ఈ ఉత్తరం చూపించమని రాశాను. ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు పలకలు తీసేశారు. కింద గ్రావెల్ నింపలేదు, మట్టీ పరవలేదు. ఆయన అప్పటికే పని మానేశారు. ఆ ఖాళీలో పండగలకు చీరల ఎగ్జిబిషన్లు పెట్టారు, మిగిలిన రోజుల్లో బళ్ళు నిలిపారు.

నేను కాపాడాలనుకున్నది ఏడాదికి అరవై ఒక్క రోజులు. మొదటి రెండేళ్ళలో, పోయిన పద్నాలుగూ పదకొండూ తీసేస్తే, మిగిల్చింది తొంభై ఏడు. ఆ తరవాత పోయినవి ఇవి. కోర్టు ఒకటి. ఎనభై అడుగులు, నలభై అడుగులు. బడి జట్టు ఒకటి, పదిమంది పిల్లలు. కచేరీలకు మంచి నేల ఒకటి. ముప్పై ఏళ్ళు ఆ నేల మీద నడిచిన మనిషి చేతి పని, ఇంకెవరూ నేర్చుకోలేదు. హాస్టలు సీటు ఒకటి. ఒక ఆడపిల్ల కుడి మోకాలు.