వంటింటికి ఒక కిటికీ

నా చిన్నప్పుడు తార్నాకలో ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ ఒకటే పిచ్చి. యూనివర్సిటీలో పెద్ద రాతి భవనానికి కమాను ఉంది కదా, తన ఇంటి ముందు కూడా అలాంటిది ఒకటి ఉండి తీరాలి. ఇల్లు చూస్తే అగ్గిపెట్టెంత, ముందు భాగం మాత్రం నవాబుగారి దేవిడీ! మా నాన్న ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే గుమాస్తా. రోజూ ఆ భవనం ముందు నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయే మనిషిని ఆ పిచ్చి వదులుతుందా?

కర్నూలు పక్క పల్లె నుంచి ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం మాది. విద్యానగర్‌లో ఒక అద్దె వాటాలో ఉండేవాళ్ళం. అందులో వంటకు చోటు మెట్ల కింద సందు. రంపపు పొట్టు కూరిన పొయ్యి ముట్టించి, దాని ముందు కూర్చుని దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ మా అమ్మ వండి పెట్టేది. సొంత ఇల్లు అనగానే నాన్న కమానును కలగన్నారు. అమ్మ కోరుకున్నది మాత్రం పొయ్యి దగ్గర పొగ పోయే కిటికీ.

మా పెదనాన్న, అంటే నాన్నకు అన్న, క్యాంపస్‌లో ఇంజనీరింగు పిల్లలకు ఇళ్ళు కట్టే చదువు చెప్పేవారు. మహా మాటకారి. ఒక ఆదివారం ఆయన మమ్మల్నందరినీ తార్నాకలో కొన్న స్థలానికి రమ్మన్నారు. మేం వెళ్ళేసరికి ఆటల మైదానంలో గీసినట్టు నేలంతా సున్నపు గీతలు. హాలు, పడకగదులు, వంటిల్లు, అన్నీ కట్టబోయే కొలతల్లోనే గీసి ఉన్నాయి. తలుపులు వచ్చేచోట గీత ఆపేశారు. "ఈ పొద్దంతా మన కాపురం ఈడనే. గీత దాటినారంటే గోడకు గుద్దుకున్నట్టే లెక్క!" అన్నారు.

అబ్బ, ఎంత సరదాగా గడిచిందో ఆ పూట! నేనూ తమ్ముడూ లేని గోడలకు గుద్దుకుని కిందపడి పొర్లాడాం. నాన్న హాల్లో చాప పరుచుకుని పేపరు చదివారు. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన పొట్టు పొయ్యి మీద సున్నపు వంటింట్లో ఉప్మా చేసింది. పెదనాన్న చేతిలో కర్రతో గది గదీ తిరుగుతూ, ప్రతిదాన్నీ చూపించి ఒకటే అడిగేవారు: "ఇది ఏం పని చేస్తాది? ఇది లేకపోతే ఏం ఆగిపోతాది?" పడకగదుల మధ్య నడవా ఏ పనీ చేయదని తేలింది, చెరిపేశారు. కమాను దగ్గరికి వచ్చేసరికి నాన్న, "నలుగురూ చూస్తారు గదన్నా" అని నసిగారు. "చూసి పొయ్యేవాళ్ళ కోసమా ఇల్లు?" అన్నారు పెదనాన్న. ఖర్చు తగ్గించడమంటే చవక సరుకు కొనడం కాదట. ఉండేవాళ్ళకు అక్కరలేనిది తీసేసి, అక్కరకొచ్చేదాన్ని కాపాడుకోవడమట. అంత చిన్నపిల్లను, నాకే అర్థమయింది.

ఇంతలో గాలి తిరిగి పొయ్యి పొగంతా హాల్లోకి కమ్మేసింది. నాన్నా పెదనాన్నా గీతలు దాటుకుని పరుగో పరుగు. "గోడలు దాటినారు, గోడలు దాటినారు!" అని మేం ఒకటే అరుపులు. పెదనాన్న కళ్ళు నలుపుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చి, "ఈడ నీకేం కావల్ల, చెప్పమ్మా" అన్నారు. అమ్మ ఆయన ముందు ఎన్నడూ నోరు విప్పింది లేదు. కొంగు సర్దుకుని, తల వంచుకునే, "పొయ్యికాడ ఒక కిటికీ ఉంటే సాలు బావా" అంది. ఆయన వెంటనే పొయ్యి పక్కనున్న గీతను చెప్పుతో చెరిపి జాగా వదిలారు. నాన్న వైపు తిరిగి, "ఏది తీసినా దీన్ని మాత్రం తియ్యొద్దురా" అని గట్టిగా చెప్పారు. మా అమ్మ ముఖం అప్పుడు చూడాలి! ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆ కిటికీ గురించే నాతో మాట్లాడింది. దాని గట్టు మీద ఉప్పుజాడీ పెడతానంది, వండుతూ వీధి చూడొచ్చంది.

గోడలు సగం లేచాక చేతిలో డబ్బు పలచబడింది. సిమెంటు దొరకడం గగనమైంది. ఏదో ఒకటి తగ్గించక తప్పదు. ఆ సాయంత్రం నేనూ అమ్మా టీ తీసుకుని వెళ్ళేసరికి నాన్న, పెదనాన్న, మేస్త్రి వంటింటి గోడ దగ్గర నిలబడి ఉన్నారు. "కమాను తీసేద్దామా అన్నా?" అని నాన్నే అడిగారు. అడగలేదని అనకూడదు, పాపం. ఆ ఆదివారం ఎగతాళి చేసినా, ఆ కమానుకు తర్వాత బొమ్మ గీసింది పెదనాన్నే. గృహప్రవేశానికి రాబోయేది ఆయనతో పాటు చదువు చెప్పేవాళ్ళు. పెదనాన్న తల అడ్డంగా ఊపి, "అది తీసేస్తే ఇంటికి విలువేముందిరా? వంటింట్లోకి ఎవరొచ్చి చూస్తారు? కిటికీ తర్వాత పెట్టుకోవచ్చులే" అన్నారు.

మేస్త్రి నాన్న వైపు తిరిగి, "సార్, గీడ కిటికీకి జాగ ఇడ్వాల్నా, గోడ లేపాల్నా?" అని అడిగాడు.

"లేపేయ్" అన్నారు నాన్న.

నాకు ఒళ్ళు మండింది. "పెదనాన్నా, దీన్ని తియ్యొద్దని మీరే కదా అన్నారు?" అని అడిగేశాను. నాన్న కళ్ళెర్ర చేశారు. పెదనాన్నకు మాత్రం కోపం కూడా రాలేదు. నా తల నిమిరి, "ఆట వేరే, ఇల్లు వేరే పాపా" అని నవ్వారు. వాళ్ళు టీ తాగేదాకా అమ్మ అక్కడే నిలబడి, ఖాళీ గ్లాసులు తీసుకుని నడిచింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగించిన పొగకు చుట్టాలంతా దగ్గుకుంటూ బయటికొచ్చి కమాను కింద నిలబడ్డారు. భలే ఉందని మెచ్చుకున్నారు. అమ్మ లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత ఇంట్లోకి రేడియో వచ్చింది, స్కూటరు వచ్చింది. కిటికీ అడిగితే, "ఇన్నేళ్ళకూ అలవాటు కాలేదా ఏంది?" అనేవారు నాన్న. అమ్మ అడగడం మానేసింది. దగ్గు మాత్రం మానలేదు. చివరికి ఆసుపత్రిలో డాక్టరు, "ఈమె బీడీలు తాగుతుందా?" అని అడిగాడు. మా ఇంటి ఆడవాళ్ళను అంత మాటంటాడా అని నాన్న ఊగిపోయారు. నా కోపం డాక్టరు మీద కాదు.

తల నెరవకుండానే పోయింది మా అమ్మ. చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు నాన్న టీ కోసం తానే వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికే కళ్ళనిండా నీళ్ళతో, దగ్గుతూ బయటికి వచ్చి, "ఈడ ఒక కిటికీ పెట్టించాల" అన్నారు. పెట్టించారు కూడా. పొద్దున మేస్త్రిని పిలిస్తే, మధ్యాహ్నం భోజనాలకు గోడలోంచి వెలుతురు పడింది. ఒక పూట పని!

ఇప్పటికీ ఎవరు కొత్త ఇంటికి పిలిచినా నేను హాలు చూడను, గుమ్మం చూడను. నేరుగా వంటింట్లోకి పోయి, తలుపు మూసుకుని కాసేపు నిలబడతాను. ముసలామె చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మా అమ్మ బతికుండగా మా ఇంట్లో ఒక్క మగాడైనా అంతసేపు ఆ వంటింట్లో నిలబడలేదు.